డయాలసిస్ రోగుల ఎముకలను కాపాడుకుందాం



డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు రక్తం శుద్ధి చేయించుకోవడమే మనకు తెలుసు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో ఎందరో పేదలకు ఆ ఖర్చు తప్పింది. కానీ ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవారిని లోలోపల కుంగదీసేది ఎముకల జబ్బు.

ఇది ఎందుకు వస్తుంది?

ఆహారంలోని అదనపు ఫాస్ఫరస్‌ను బయటికి పంపేవి, విటమిన్ డిని శరీరానికి పనికొచ్చేలా మార్చేవి కిడ్నీలే. అవి చెడిపోతే రక్తంలో ఫాస్ఫరస్ పెరిగి కాల్షియం తగ్గుతుంది. అప్పుడు మెడలోని నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు పిటిహెచ్ హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి. అది ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తుంది. కీళ్లనొప్పులు, దురద, చిన్న దెబ్బకే ఎముక విరగడం దీని లక్షణాలు. రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటే గుండెకూ ముప్పే.

డయాలసిస్ చాలదా?

చాలదు. మనం రోజూ తినే ఆహారంలో సుమారు 1000 మి.గ్రా. ఫాస్ఫరస్ ఉంటుంది. ఒక్కసారి డయాలసిస్‌లో పోయేది దాదాపు 800 మి.గ్రా. మాత్రమే. మిగిలినదాన్ని పథ్యంతో, మాత్రలతో అదుపు చేయాలి.

ఏం చేయాలి?

• కాల్షియం అసిటేట్, సెవెలామర్ వంటి మాత్రలు అన్నంతోపాటే వేసుకోవాలి. ఇవి కడుపులోని ఫాస్ఫరస్‌ను పట్టేస్తాయి. ఖాళీ కడుపున వేసుకుంటే ఆ పని జరగదు, డబ్బూ వృథా.
• కోలా, ప్యాకెట్ తిండి, ప్రాసెస్ చేసిన మాంసం మానాలి. వాటిలో కలిపిన ఫాస్ఫేటు దాదాపు అంతా ఒంటికి పడుతుంది.
• మాంసాన్ని ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండితే ఫాస్ఫరస్ తగ్గుతుంది. పాయా, నల్లీ షోర్బా వద్దు. అలాగని మాంసకృత్తులు పూర్తిగా మానకూడదు, నీరసిస్తారు.
• కాల్షియం, ఫాస్ఫరస్ పరీక్షలు ఒకటి నుంచి మూడు నెలలకు, పిటిహెచ్ మూడు నుంచి ఆరు నెలలకు చేయించాలి.
• విటమిన్ డి, కాల్షియం మాత్రలు డాక్టరు చెప్పకుండా వాడరాదు. మందులకు లొంగకపోతే గ్రంథి ఆపరేషన్ అవసరం కావచ్చు.

దాతలకు మనవి

మంచాన పడ్డాక చేసే సాయం కన్నా ముందే అందే మాత్ర, పరీక్ష మేలు. మీ వీధిలో డయాలసిస్ రోగి ఉంటే మందుల చీటీ చూసి సాయం చేయండి. ఆ మాత్ర అన్నంతో వేసుకుంటున్నారో లేదో కూడా ఒక్క మాట అడగండి.