చేపల తొట్టి అడుగున నత్రజని

చేపల తొట్టిలో మిగిలిన మేత, చేపల విసర్జన కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఆక్సిజన్ ఉన్నచోట బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ విషం తక్కువే గానీ నీటిలో పేరుకుపోతుంది.

మాకు అసలు వింత అనిపించేది అడుగు ఇసుక. పై పొరలోని జీవులే ఆక్సిజన్‌ను వాడేస్తాయి, కింది పొరకు అందదు. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌తోనే ఊపిరి తీసుకుంటాయి. మిగిలిన నత్రజని వాయువై గాలిలో కలిసిపోతుంది. ఇందుకు వాటికి తిండి కావాలి, అంటే కుళ్లే ఆకు, అలము. నైట్రేట్ కూడా అయిపోతే సల్ఫేట్ వంతు. కుళ్లిన గుడ్డు వాసన అప్పుడే వస్తుంది.

చెరువు బురదలోనూ ఇదే జరుగుతుంది. మన తనకల్లు వైపు చెరువులు నిండేది ఎప్పుడో ఒకసారి, తాగేది ఎక్కువగా బోరు నీళ్లు. రాతి పగుళ్లలో ఆ జీవులకు తిండి తక్కువ. కనుక పెంటదిబ్బ, యూరియా, మరుగుదొడ్డి గుంతల నుంచి దిగిన నైట్రేట్ చాలావరకు అలాగే ఉండిపోతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణం. మించిన నీళ్లతో పోతపాలు కలిపితే పసిబిడ్డ రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలమవుతుంది. దీనికి రుచీ వాసనా లేవు, పరీక్షతోనే తెలియాలి. కాచి చల్లార్చినా పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.