ఆకాశపు పేను: ఒక చిన్న విమానముయొక్క చరిత్ర

విమానమనగానే మన విద్యార్థుల మనస్సులకు తోచునది వందలకొలది ప్రయాణికులను మోయు మహాయంత్రము. అట్టివిగాక, ఒక్కరో ఇద్దఱో మాత్రమే కూర్చుండదగినవియు, కఱ్ఱతోను గుడ్డతోను నిర్మింపబడినవియు, కేవలము వినోదార్థమై నడుపబడునవియు నగు చిన్న విమానములు గూడ లోకమున వేలకొలది కలవు. వీనిలో కొన్ని తాతల కాలపువి. మఱికొన్ని గృహస్థులు తమ యింటి కొట్టములలో స్వయముగా చేసికొన్నవి. ఈ రెండవ తెగకు మార్గము చూపినవారిలో ఒకడైన ఆన్రీ మిన్యే యను ఫ్రెంచివాని విమానమునుగూర్చి ఈ వ్యాసమున వివరింపనెంచితిమి. అది మన తరగతులలో బోధింపబడు ప్రకృతిశాస్త్రమునకు చక్కని ఉదాహరణము. అంతియేకాదు, అది కొందఱి ప్రాణములను గొన్నది. ఎందుకు గొన్నదో తెలిసికొనినగాని ఆ ఉదాహరణము పూర్తి కానేరదు.

మొదట కాలస్థితిని కొంచెము తెలిసికొనవలెను. 1914–1918 సంవత్సరముల మహాయుద్ధము ముగిసిన పిదప ఐరోపాలో విమానవిద్య నేర్చినవారు వేలకొలదిగా నుండిరి గాని, వారు నడుపుకొనుటకు తగిన చిన్న విమానములు లేవు. యుద్ధవిమానములు తైలమును విశేషముగా త్రాగునవి. వానిని బాగుచేయుటకు పనివాండ్రు పలువురు కావలెను. ఈ కొఱతను తీర్చినది ఇంగ్లండు దేశీయుడైన జెఫ్రీ డి హావిలండు నిర్మించిన ‘మాత్’ విమానము. 1925 ఫిబ్రవరి 22వ తేదీన ఆయనయే దానిని మొదటిసారి ఎగురవేసెను. దానికి ఇద్దఱికి చోటు, 60 అశ్వశక్తుల ఇంజను ఉండెను. దాని రెక్కలు వెనుకకు మడిచి, మోటారుకారు వెనుక గట్టి లాగికొనిపోయి, పాకలో నుంచుకొనవచ్చును. అప్పటినుండి ఊరూర వైమానిక సంఘములు వెలసినవి.

మన దేశమునకును ఆ గాలి సోకినది. 1929 ఫిబ్రవరి 10వ తేదీన జె. ఆర్. డి. టాటాగారు భారతదేశమున ఇయ్యబడిన మొట్టమొదటి వైమానిక లైసెన్సును పొందిరి. మఱుసటి సంవత్సరము, ఇంగ్లండునకును ఇండియాకును నడుమ ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునకు ఆగాఖానుగారు 500 పౌనుల బహుమానము ప్రకటించగా, టాటాగారు కరాచీనుండి పడమరకును, ఆస్పీ ఇంజనీరు అను పదునేడేండ్ల బాలుడు ఇంగ్లండునుండి తూర్పునకును, మాత్ విమానములలోనే బయలుదేరిరి. ఈజిప్టులో అబూకిర్ అను చోట ఆ బాలుడు స్పార్కు ప్లగ్గు లేక నిలిచిపోయియుండగా, ఎదురుగా వచ్చిన టాటాగారు తమయొద్ద నున్నదానిని ఇచ్చివేసిరి. బహుమానము ఆస్పీకే దక్కెను. అతడే 1960లో మన వైమానికదళమునకు అధిపతియయ్యెను. ఇది మా వ్యాసవిషయమునకు కొంచెము ప్రక్కదారియైనను, చెప్పక విడుచుటకు మనసొప్పలేదు.

అయితే మాత్ విమానము ధనవంతులది. 1930 ప్రాంతమున క్రొత్తదాని వెల సుమారు 650 పౌనులు. ఒక బడిపంతులుగాని, గుమాస్తాగాని, వడ్రంగిగాని దానిని కొనజాలడు. ‘వీరికి ఆకాశము లేదా?’ యను ప్రశ్నయే మిన్యేను కలతపెట్టినది.

మిన్యే 1893లో జన్మించెను. అతడు వృత్తిచేత విమాననిర్మాత కాడు. నిస్తంత్రీవిద్యను, అనగా రేడియో పనిని ఎఱిగినవాడు. బాల్యమునుండి విమానములపై మోజుతో ఒకదాని తరువాత నొకటిగా కట్టుచు, పాడుచేయుచు, మరల కట్టుచు నుండెను. సాధారణ విమానమును నడుపుట అతనికి కష్టమయ్యెను. ఏలయన అందు చేతులకొక పని, కాళ్లకొక పని. చేతికఱ్ఱతో ముక్కును ఎత్తుటయు దించుటయు, ప్రక్కలకు ఒఱగించుటయు. కాళ్లతో తోకనున్న చుక్కానిని త్రిప్పుటయు. ఈ మూడును సరిగా కలియనిచో విమానము అదుపుతప్పి గింగిరములు తిరుగుచు నేలబడును. తనవంటి సామాన్యులకు ఇంత నేర్పు అక్కఱలేని విమానము కావలెనని అతడు నిశ్చయించెను.

ఇచ్చట రెక్కనుగూర్చి ఒక చిన్న పాఠము చెప్పక తీరదు. గాలిపటము ఎగురుట అందఱును చూచినదే. అది గాలికి ఎదురుగా కొంచెము ఏటవాలుగా నిలిచి, తన్ను తాకిన గాలిని క్రిందికి మరల్చును. గాలి దానిని పైకి ఎత్తును. విమానపు రెక్కయు అట్లే చేయుచున్నది. ఇంజను ముందుకు లాగుటచే గాలి ఎదురువచ్చుచున్నది, అంతియే భేదము. రెక్క ముందంచును కొంచెము ఎక్కువగా ఎత్తినయెడల ఎత్తుబలము హెచ్చును. కాని దీనికొక హద్దు కలదు. సాధారణమైన రెక్క గాలికి సుమారు 15 డిగ్రీలకు మించి వాలినచో, పైభాగమున సాఫీగా పాఱుచున్న గాలి రెక్కను విడిచి సుడులు తిరుగును. ఎత్తుబలము తటాలున తగ్గిపోవును. దీనిని ‘స్టాల్’ అందురు. తక్కువ వేగముతో తక్కువ ఎత్తున నుండగా ఇది సంభవించుటచే ఎందఱో క్రొత్తవారు మరణించిరి. మిన్యే ముఖ్యముగా భయపడినది దీనికే.

అతని ఉపాయమిది. ఒకే రెక్కకు బదులు రెండు రెక్కలను, ముందొకటి వెనుకొకటి నుంచెను. ముందురెక్క కొంచెము ఎత్తుగాను, వెనుకరెక్క దానికి దాపుగా కొంచెము క్రిందుగాను ఉండును. ముందురెక్క వెనుకయంచునకును వెనుకరెక్క ముందంచునకును నడుమ నొక సందు ఏర్పడును. ఆ సందుగుండ త్వరితముగా పాఱు గాలి వెనుకరెక్కపై ప్రవాహమును చెదరనీయక కాపాడునని అతని యూహ. వెనుకరెక్క కదలదు. ముందురెక్క మాత్రము తలుపు బందులపై తిరిగినట్లు ముందుకు వెనుకకు వాలును. చేతికఱ్ఱను వెనుకకు లాగినచో ముందురెక్క వాలు హెచ్చి ముక్కు లేచును. ప్రక్కకు నొక్కినచో పెద్ద చుక్కాని తిరుగును. రెక్కల కొనలు పైకి వంపుగా నుండుటచే విమానము తనంతట తానే తగినట్లు ఒఱగును. కాళ్లకు పనియే లేదు. రెక్క పొడవు సుమారు 6 మీటర్లు, ఇంజను 17 అశ్వశక్తులు. ఎచ్. ఎమ్. 14 అను ఈ విమానమును అతడు 1933 సెప్టెంబరు 10వ తేదీన మొదటిసారి ఎగురవేసెను. దానికి ‘పూ ద్యు సియేల్’, అనగా ‘ఆకాశపు పేను’ అని ముద్దుపేరు పెట్టెను. ఇంగ్లండువారు దానిని ‘ఫ్లయింగ్ ఫ్లీ’ యనిరి. ఫ్లీ యనగా కుక్కల మేనిపై గంతులువేయు చిన్న పురుగు.

1934లో అతడు తన విమానమును కట్టు విధమంతయు చిత్రపటములతో సహా ఒక పుస్తకముగా ప్రకటించెను. సామాను పెట్టెను మేకులుకొట్టి చేయగలవాడెవడైనను దీనిని చేయగలడని అందలి ధోరణి. మఱుసటి సంవత్సరమే అది ఇంగ్లీషులోనికి మార్చబడి వేలకొలది ప్రతులు చెల్లెను. 1935 జూలైలో స్టీఫెన్ యాపిల్‌బీ యను యువకుడు తాను కట్టిన పేనును లండను సమీపమున హెస్టన్‌లో ఎగురవేసెను. ఆగస్టులో మిన్యే తన విమానములో సముద్రముదాటి ఇంగ్లండు చేరెను. ప్రజల ఉత్సాహమునకు మేరలేకపోయెను. వంటయిండ్లలోను, అటకలమీదను, బండ్లపాకలలోను రెక్కలు అతుకబడుచుండెను. ఇంగ్లండు ప్రభుత్వమువారు పెద్ద విమానములకు విధించు కఠినపరీక్షలు లేకయే, వీనికి ‘పర్మిట్టు’ అను అనుమతిపత్రముల నిచ్చిరి.

1936లో అపాయములు ఒకదానివెంట నొకటి వచ్చినవి. కొద్ది నెలలలోనే ఇంగ్లండులో పలువురు మృతులైరి. విచారింపదగిన సంగతి యేమనగా, వారందఱును చేతకానివారు కారు. ప్రభుత్వ వైమానికదళమున ఆఱితేఱిన అధికారులును అందుండిరి. మరణముల రీతియు దాదాపు ఒక్కటే. విమానము ముక్కు క్రిందికి వంగును. నడుపువాడు కఱ్ఱను పూర్తిగా వెనుకకు లాగును. విమానము లేవక మఱింత వంగి, తలక్రిందులై నేలను తాకును. లాగిన కొలది లేవవలసిన ముక్కు, లాగిన కొలది వంగుచుండెను. నడుపువాని తప్పని కొట్టివేయుటకు వీలులేకపోయెను.

అప్పుడు ఫార్న్‌బరోలోని ప్రభుత్వ పరిశోధనాలయమున 24 అడుగుల వ్యాసముగల వాయుసొరంగములో ఒక పేనును, బొమ్మనుగాదు, నిజమైన విమానమునే బిగించి, గాలిని వీచి పరీక్షించిరి. ఫ్రాన్సులో షాలే మ్యూడాన్ పరిశోధనాలయమునను అట్టి పరీక్షయే జరిగెను. కారణము బయటపడెను. ముక్కు సుమారు 15 డిగ్రీలకంటె క్రిందికి వంగినపిమ్మట, కఱ్ఱను ఎంత లాగినను దానిని ఎత్తగల బలము ఈ విమానమునకు లేదు.

ఎందుచేత? ఒక పల్లకీని తలచుకొనుడు. ముందొక బోయీ, వెనుకొక బోయీ మోయుచున్నారు. పల్లకీ ముందువైపు వంగినది. దానిని సరిచేయుటకై ముందువాడు భుజము ఎత్తును. కాని అతడు భుజమెత్తినప్పుడెల్ల, ఏదో మంత్రముచేత వెనుకవాడు అంతకు రెట్టింపు ఎత్తినచో ఏమగును? పల్లకీ మఱింత ముందుకు వంగును. లోపలి పెండ్లికొడుకు తలక్రిందుగా జాఱిపడును. పేనుయొక్క స్థితి ఇదియే. కఱ్ఱను లాగినప్పుడు ముందురెక్క వెనుకయంచు క్రిందికి దిగి, వెనుకరెక్కకు మఱింత దాపగును. సందు ఇఱుకై, దానిగుండ గాలి వడిగా దూసికొనిపోయి, వెనుకరెక్క ఎత్తుబలమును హెచ్చించును. తోక లేచును, ముక్కు మునుగును. మిన్యే రక్షణకై కల్పించిన సందే ప్రాణాంతకమయ్యెను.

దీనికితోడు బరువు సంగతి యొకటి కలదు. మిన్యే ఉపయోగించిన తేలిక ఇంజను దొరకక అనేకులు ఫోర్డుకారు ఇంజనునుండి మార్చిన కార్డెన్-ఫోర్డు మొదలగు వేఱువేఱు ఇంజనులను బిగించిరి. ఇంజను మాఱినచో విమానముయొక్క గరిమనాభి చోటు మాఱును. దీని ఫలమును విద్యార్థులు కాగితపు విమానముతో తరగతిలోనే చూడవచ్చును. ముక్కున ఒక గుండుసూది గ్రుచ్చి విడువుడు. తరువాత రెండు, మూడు. మొదట అది తల ఎగురవేసి ఆగి కూలును. పిమ్మట సాఫీగా జాఱును. ఇంకను బరువు హెచ్చించినచో తిన్నగా నేలకు గుచ్చుకొనును. ప్రతిసారియు ఎంతదూరము పోయినదో అడుగులలో కొలిచి వ్రాసికొనవలెను.

ఈ మరణములకు బాధ్యుడెవడు? మిన్యే మోసగాడని కొందఱనిరి. మేమట్లు తలపము. అతడు తన ప్రాణమునే మొదట పణముగా నొడ్డి, తాను ఎగిరిన విమానమునే ఇతరులకు చూపెను. అయినను ఒక మనుష్యుడు తన చేతికి అలవాటైన యంత్రముపై ప్రశాంతమైన గాలిలో క్షేమముగా ఎగురుట వేఱు, అది సర్వజనులకు క్షేమకరమని పుస్తకమున వ్రాయుట వేఱు. ముక్కు బాగుగా వంగినప్పుడు ఏమి జరుగునో ఎవరును ముందు కొలిచి చూడలేదు. కొలుచు సాధనము ఫార్న్‌బరోలో నుండెను. చావులు జరిగిన పిమ్మటనే విమానము అచ్చటికి చేరెను. పర్మిట్టులిచ్చిన అధికారులు ఈ విషయమున మిన్యేకంటె తక్కువ బాధ్యులు కారని మా అభిప్రాయము.

ఇంగ్లండులో క్రొత్త పర్మిట్టు లిచ్చుట మానిరి. ఎన్నియో పేనులు, కట్టుట ముగియకయే, అటకలెక్కినవి. మిన్యే మాత్రము పని మానలేదు. రెక్కల నడిమి దూరమును, వాని అమరికను సవరించి, క్రొత్త నమూనాలను 1965లో మరణించువఱకు నిర్మించుచునే యుండెను. దోషము పోయిన ఆ వంశపు విమానములు తరువాతి కాలమున క్షేమముగా ఎగిరినవి.

ఇంట విమానము కట్టుకొను ఆచారమును చావలేదు. ఇంగ్లండులో ఇందుకై 1946లో ఒక సంఘము ఏర్పడి, నేడు లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అను పేరుతో నడచుచున్నది. కట్టువాడు రెక్కకు గుడ్డ కప్పకమునుపే, లోపలి అతుకులను సంఘపు పరీక్షకుడు వచ్చి చూచును. అమెరికాలో 1953లో పాల్ పోబరెజ్నీ స్థాపించిన సంఘము ప్రతి సంవత్సరము జరుపు సమావేశమునకు, 1970నుండి ఆష్‌కాష్ అను పట్టణమున, విమానములు వేలకొలదిగా వచ్చి వ్రాలుచున్నవి. అచ్చటి చట్టము ప్రకారము విమానములో అధికభాగమును గృహస్థులే, విద్యార్థమో వినోదార్థమో, స్వయముగా కట్టియుండవలెను. కట్టినవెంటనే స్నేహితులను ఎక్కించుకొని విహరించుటకు వీలులేదు. నిర్ణీత ప్రదేశములో సాధారణముగా 25 లేక 40 గంటలు ఎగిరి, దాని గుణదోషములను పరీక్షించి పుస్తకమున వ్రాయవలెను. ఎక్కువారికి కనబడునట్లు ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని పెద్ద అక్షరములతో వ్రాయించుటయే కాక, ఇది సాధారణ విమానముల ప్రమాణములకు లోబడినది కాదను హెచ్చరికపలకను లోపల తగిలింపవలెను.

పాతవానిని ప్రేమించువారు గూడ తక్కువగా లేరు. 1931లో పుట్టిన ‘టైగర్ మాత్’ విమానములు ఎనిమిది వేలకు పైగా తయారై, రెండవ మహాయుద్ధమున వైమానికులకు ఓనమాలు దిద్దించినవి. యుద్ధానంతరము చౌకగా అమ్ముడుపోయి సంఘములను చేరినవి. వానిలో అనేకములు నేటికిని ఆదివారపు సాయంకాలములందు ఎగురుచున్నవి. ఇంగ్లండులో ఓల్డ్ వార్డెన్ అను పల్లెలో 1909 నాటి బ్లేరియో విమానమొకటి గలదు. గాలి బొత్తిగా లేనినాడు మాత్రము దానిని బయటికి తెచ్చి, గడ్డినేలమీద పరుగెత్తించి, కొన్ని అడుగులెత్తు లేపి మరల దింపుదురు.

ఆనాటి పేనులలో మిగిలినవి ఇప్పుడు పలుదేశముల వస్తుప్రదర్శనశాలలలో కలవు. కొన్నిచోట్ల అవి కప్పునుండి వ్రేలాడగట్టబడియున్నవి. చూడబోయినవారు వాని ముందురెక్క వెనుకయంచును, వెనుకరెక్క ముందంచును దగ్గఱగా పరిశీలింపవలెను. ఆ రెంటినడుమ మనము కొలువదగిన సందు కొలదియే.