పంచాయతీ ట్రాక్టరు: ఇంజను వేడికి తూము

2019లో ఆరంభమైన పల్లె ప్రగతి నాటినుండి ఇబ్రహీంపట్నం మండలములోని పంచాయతీలకు చెత్త ఎత్తుటకును, మొక్కలకు నీరు పోయుటకును ట్రాక్టరు కలదు. దాని మరమ్మతు ఖర్చు పంచాయతీ నిధినుండియే పోవును. కనుక ఇంజను వేడి సంగతి డ్రైవరుకే విడిచిపెట్టదగినది కాదని మా అభిప్రాయము.

డీజిలు మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే బండి నడచుటకు అక్కరకు వచ్చును. కొంత పొగగొట్టము గుండా పోవును; కొంత ఇంజను లోహమున కెక్కును. దానిని తీసుకొనిపోవుటకు సిలిండర్ల చుట్టును నీరు తిరుగును. పంపు త్రోయగా ఆ నీరు రేడియేటరు చేరి, సన్నని గొట్టములలో ఫ్యాను గాలికి చల్లారి, మరల ఇంజనులోనికి పోవును.

ఇది పలువురెరిగినదే. ఎరుగనిది థర్మోస్టాటు సంగతి. పెద్దచెరువు తూము వద్ద నీరటి చేయవలసిన పని యేమి? ఆయకట్టు అవసరమును బట్టి తూము ఎత్తుట, దించుట. ఇంజనులో ఆ పని థర్మోస్టాటుది. అందులోని చిన్న డబ్బీలో మైనముండును. ఉదయము ఇంజను చల్లగా ఉన్నప్పుడు తూము మూసియుండును. నీరు రేడియేటరుకు పోక ఇంజనులోనే తిరుగుచు త్వరగా వేడెక్కును. సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు చేరగా మైనము కరిగి, ఉబ్బి, తూమును తెరచును. నీరు చల్లబడెనా, మైనము ముడుచుకొనును. స్ప్రింగు తూమును మూయును. అనగా ఈ ఏర్పాటు ఇంజనును చల్లార్చుటకు మాత్రమే కాదు, ఒకే వేడిలో నిలుపుటకు.

వేసవిలో బండి ఆవిరి గ్రక్కగానే "ఆ బిళ్ల తీసివేయండి" అని సలహా చెప్పువారు కలరు. మేము దీనిని ఒప్పుకొనము. తీసివేసినచో ఇంజను తగిన వేడి కెక్కక నడచును. డీజిలు సరిగా మండక ఆయిలులో కలియును, పిస్టను రింగులు అరుగును. అసలు జబ్బు తరచుగా వేరొక చోట ఉండును: రేడియేటరు రెక్కలలో చిక్కిన దుమ్ము, వదులైన బెల్టు, కారుచున్న గొట్టము. చెత్తబండికి దుమ్ము బాధ మరింత ఎక్కువ. బోరు నీరు పోయుటయు ఒక తప్పు. నీళ్లు కాచు గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట మన యిండ్లలో చూచుచున్నదే. ఆ పొరయే ఇంజనులోను కట్టి, వేడిని నీటికి అందనీయదు. తయారీదారు చెప్పిన కూలెంటునే పోయవలెను.

రేడియేటరు మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచుటచేత, 100 డిగ్రీలు దాటినను అది మరుగదు. వేడిమీద మూత తీసినచో నీరు ఒక్కసారిగా పొంగి ముఖముపైకి ఎగయును. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, గుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. కాలిన ఇంజనులో చన్నీరు పోసినచో హెడ్డు పగులవచ్చును. హెడ్డు మరమ్మతు బిల్లు సమావేశమునకు వచ్చిననాడు సభ్యులు మొదట అడుగవలసిన ప్రశ్న, థర్మోస్టాటు దాని చోటున ఉన్నదా అనియే.