న్యాయవిద్య – ప్రజల భాష

హైదరాబాదు పాతబస్తీలో మూసీనది దక్షిణ తీరాన గులాబీవన్నె గ్రానైటుతోను, ఎర్ర ఇసుకరాతితోను నిర్మితమైన ఉన్నత న్యాయస్థాన భవనం చూపరులను ఆకర్షిస్తుంది. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఆ సౌధాన్ని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1920లో ప్రారంభించారు. కాని పల్లెనుండి భూమి తగాదాతో అక్కడికి వచ్చిన తెలుగు రైతుకు తన వ్యాజ్యంలో సాగే వాదోపవాదాలు బోధపడేవి కావు. హైదరాబాదులో న్యాయవిద్య చరిత్ర ఈ భాషాసమస్యతో పెనవేసుకొని ఉన్నది.

నిజాం రాజ్యంలో పూర్వం పారశీకం పాలనాభాషగా ఉండేది. 19వ శతాబ్ది చివరి పాదంలో దాని స్థానాన్ని ఉర్దూ పొందింది. నగరంలో 1899లో ప్రారంభమైన న్యాయవిద్యాబోధన అనంతరకాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అంతర్భాగమైంది. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను అనువదించడానికి ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. భారతీయ భాషలు ఉన్నతవిద్యకు చాలవన్న అపోహను ఆ కృషి తొలగించింది. అయినప్పటికీ రాజ్యంలో అన్నిటికంటె ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ గౌరవం దక్కలేదు.

ఈ లోటును గుర్తించినవారిలో న్యాయవాదులే అగ్రగణ్యులు. 1921 నవంబరులో నగరంలోని వివేకవర్ధిని నాటకశాలలో జరిగిన సంఘసంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానంనుండి ఆంధ్రజనసంఘం ఉద్భవించింది. న్యాయవాది మాడపాటి హనుమంతరావు దానికి వెన్నెముకగా నిలిచారు. గ్రంథాలయాలు, పాఠశాలలు, పత్రికలద్వారా ప్రజలలో భాషాభిమానం వర్ధిల్లింది. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి సైతం న్యాయశాస్త్రం అభ్యసించినవారే.

1948లో హైదరాబాదు భారతదేశంలో విలీనమైన తరువాత న్యాయవిద్యలో ఉర్దూ స్థానాన్ని ఆంగ్లం ఆక్రమించింది. ఉస్మానియాలో న్యాయశాస్త్ర విభాగానికి పీఠాధిపతిగా పనిచేసిన పింగళి జగన్మోహనరెడ్డి అనంతరం సర్వోన్నత న్యాయస్థాన న్యాయమూర్తి అయ్యారు. 1998లో నల్సార్ విశ్వవిద్యాలయం వెలిసింది. విద్యాప్రమాణాలు పెరిగాయి, కక్షిదారునికి మాత్రం ఒక పరభాష పోయి మరొక పరభాష వచ్చింది.

రాజ్యాంగంలోని 348వ అధికరణం ఉన్నత న్యాయస్థానాలకు ఆంగ్లాన్నే నిర్దేశించింది. అయినా 2023 జూన్‌లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానం సోదరుల మధ్య తలెత్తిన ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించి క్రొత్త బాట వేసింది. తీర్పు వ్రాసేవారికే గాక, దానిని శిరసావహించవలసినవారికి కూడా అర్థమైననాడే న్యాయం సార్థకమవుతుంది. న్యాయశాస్త్రం చదువగోరే యువకులు ఆంగ్లంతోపాటు మాతృభాషలోను ప్రావీణ్యం సంపాదించడం అందుకే అవసరం.