వేసవిలో కోళ్లకు చల్లని నీరు

శీతల దేశములలో కోళ్లను పెంచువారికి చలికాలమున ఒక చిక్కు కలదు. రాత్రివేళ తొట్టిలోని నీరు మంచుగడ్డ కట్టి, తెల్లవారునప్పటికి కోళ్లకు చుక్క నీరు దొరకదు. కెనడా రైతులు తొట్టి క్రింద విద్యుత్తుతో వేడియగు పళ్లెరముల నుంచి నీరు గడ్డకట్టకుండ కాపాడుకొందురు. మన రాష్ట్రమున లంబసింగి వంటి మన్యపు గ్రామములను విడిచినచో ఈ బాధ ఎచ్చటను లేదనవచ్చును. చిలకలూరిపేట ప్రాంతపు కోళ్లకు వచ్చు కష్టము దీనికి తలక్రిందులైనది. ఇచ్చట మే మాసపు మధ్యాహ్నమున తొట్టి నిండ నీరుండియు కోడి చాలినంత త్రాగక వడదెబ్బకు కూలిపోవును. ఆ నీరు వేడెక్కియుండుటయే దానికి కారణము.

2022లో చిలకలూరిపేట చేరిన పల్నాడు జిల్లాలోనే రెంటచింతల యున్నది. ఆ ఊరి ఎండ ఎట్టిదో వాతావరణ వార్తలు వినువారందరికిని తెలియును. 2003, 2015 సంవత్సరముల మే మాసములలో వీచిన వడగాడ్పులకు మనుష్యులే వందలాదిగ మరణించిరి. ఇక కోళ్ల మాట చెప్పనేల? పెద్ద కోళ్లఫారములవారు పంకాలు, తుంపర గొట్టములు అమర్చుకొందురు. పెరటిలో పది పదిహేను పెట్టలను పెంచుకొను గృహిణికి అట్టి సాధనములు లేవు. ఇంటి చిల్లర ఖర్చులకు ఆమె నమ్ముకొన్న గ్రుడ్ల రాబడి ఒక్క పూటలో పోవచ్చును.

కోడికి చెమట గ్రంథులు లేవు. దాని దేహపు వేడి సహజముగనే 41 డిగ్రీలకు పైన నుండును. గాలి వేడిమి 32 డిగ్రీలు దాటినప్పుడు అది నోరు తెరచి, రెక్కలు వ్రేలవైచి రొప్పసాగును. రొప్పునప్పుడు గొంతులోని తడి ఆవిరియై దేహపు వేడిని తీసికొనిపోవును. ఆ తడి త్రాగిన నీటినుండియే రావలెను గదా! మామూలు దినములలో పది పెట్టలకు రెండు, రెండున్నర లీటర్ల నీరు చాలును. నడివేసవిలో ఐదు లీటర్లకు తక్కువ కాకుండ ఉంచవలెను. గ్రుడ్డులో మూడింట రెండు పాళ్లు నీరే. కావున నీరు తగ్గిన వెంటనే గ్రుడ్లును తగ్గును. వేసవిలో పెంకు పలుచబడుటకును రొప్పుటయే ఒక కారణము. ఎక్కువగ రొప్పుటచే రక్తమందలి బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, పెంకుకు చాలినంత సున్నము అందదు.

ఇంతకును నీటిని చల్లగ నుంచుట ఎట్లు? మన కుమ్మరి చేసిన మట్టికుండకు మించిన సాధనము పెరటి కోళ్లకు అక్కరలేదు. కుండ గోడలలోని సన్నని రంధ్రముల గుండ ఊరిన నీరు ఆవిరియగును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. అనగా, లోపలనున్న 58 గ్రాముల నీటిని 10 డిగ్రీలు చల్లబరచునంత వేడి ఆ ఒక్క గ్రాముతో వెడలిపోవును. అయితే ఉప్పునీటి బావులు గల ఊళ్లలో లవణములు పేరుకొని ఆ రంధ్రములు పూడిపోవును. ఊరని కుండ చల్లబరచదు. కావున కోళ్లకు పాత కుండనుంచి, క్రొత్తదానిని మనము వాడుకొనుట వేసవిలో మంచి పద్ధతి కాదు. ఏటేటా ఒక క్రొత్త కుండను, రెండు వెడల్పైన మట్టి మూకుళ్లను కోళ్ల కొరకే కొనుట మంచిది. కుండలో చల్లబడిన నీటిని మూకుళ్లలో పోసి, ఉదయమున, పదకొండు గంటలకు, రెండు గంటలకు, సాయంకాలమున మార్చుచుండవలెను. పనికి పోవువారికి రెండు గంటల వేళ మార్చుట కష్టమే. ఇంటనున్న పిల్లలకు ఆ పని అప్పగింపవచ్చును.

మూకుడు ఉంచు చోటు అంతకంటె ముఖ్యము. ఉదయమున నీడగనున్న గోడప్రక్క మధ్యాహ్నమునకు ఎండలో పడును. వేపచెట్టు మొదలు ఉత్తమము. చెట్టు లేనిచో పత్తికట్టెలతో గాని, జొన్నచొప్పతో గాని చిన్న పందిరి వేయవలెను. రేకుల పాకయైనచో పైన చొప్ప పరచి తడుపవలెను. ఎండలోనున్న నల్లని ప్లాస్టిక్ తొట్టినుండి గొట్టము ద్వారా వచ్చు నీటిని తిన్నగా కోళ్లకు పోయరాదు.

ఒక హెచ్చరిక. పడమటిగాలి పొడిగ వీచునప్పుడు కుండయు బాగుగ పనిచేయును, కోడి రొప్పుటయు ఫలించును. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోసిన దినమున గాలిలో తేమ నిండి ఈ రెండును మందగించును. అట్టి దినమున ఎండ తక్కువగ కనుపించినను కోళ్లకు అపాయము ఎక్కువ. మూసిన పాకలో నీరు చల్లుట మరింత కీడు. గాలి ఆడనిచ్చుటయే మేలు. ఏ కోడినైనను మధ్యాహ్నమున గంప క్రింద మూయరాదు.

పత్తి, మిరప పండించు ఈ సీమలో మరియొక అపాయము కలదు. ఖాళీ పురుగుమందు డబ్బాను కోసి కోళ్లకు నీటిచిప్పగ నుంచువారు కలరు. ఎన్నిమార్లు కడిగినను అది పనికిరాదు. మోనోక్రోటోఫాస్ పక్షులకు ఘోరమైన విషము. 2013 జూలై 16న బీహారులోని గండామన్ గ్రామమున బడిభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో ఆ మందే యున్నట్లు పరీక్షలలో తేలినది. ఆ నూనెను పురుగుమందు డబ్బాలో నిలువచేసిరని విచారణలో చెప్పబడినది. ఖాళీ డబ్బాకు చిల్లులు పొడిచి, ఎవరును వాడలేకుండ చేయవలెను.

మేత అరుగుటవలన దేహమున వేడి పుట్టును గనుక, పదకొండు మొదలు నాలుగు గంటల వరకు మేత వేయక, తెల్లవారుజామునను చల్లని సాయంకాలమునను వేయవలెను. కొక్కెర తెగులు టీకాను నీటిలో కలిపి ఇచ్చుటయు తెల్లవారుజాముననే జరుగవలెను. ఆ నీటిలో బ్లీచింగు పొడి కలిసియుండరాదు. కలిసినచో టీకా చెడిపోవును. కుళాయినీరు తప్ప గత్యంతరము లేనిచో, ముందుగ లీటరుకు సుమారు 5 గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలిపినచో ఆ దోషము విరుగును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక కోడి సొమ్మసిల్లి పడినచో, దానిని నీడకు చేర్చి కాళ్లను, జుట్టును, గడ్డము క్రింది ఎర్రని తోలును చల్లని నీటితో తడుపవలెను. నోరు తెరచి నీరు పోయరాదు. అది ఊపిరిగొట్టములోనికి పోవును. తల నిలుపగలిగిన పిదప ముక్కు మొనను మూకుటి నీటిలో తాకించినచో తానే త్రాగును.