వదంతులు – మన బాధ్యత

పూర్వము మన ఇండ్లకు అప్పుడప్పుడు ఒక వింత పోస్టుకార్డు వచ్చుచుండెడిది. వ్రాసినవారి పేరు అందు ఉండెడిది కాదు. ఒక దేవుని మహిమను వర్ణించి, ఈ ఉత్తరమును పదిమందికి వ్రాసి పంపినవారికి ధనలాభము కలుగుననియు, చించివేసినవారికి కీడు మూడుననియు వ్రాసియుండెడిది. నమ్మినవారును, నమ్మకపోయినను లోలోపల భయపడినవారును కూడ పది కార్డులు కొని వ్రాసెడివారు. పదిమందిలో ప్రతివారును మరి పదిమందికి వ్రాసినచో మూడవ మెట్టునకు వేయి ఉత్తరములు, ఆరవ మెట్టునకు పది లక్షల ఉత్తరములు అగును. ఇందువలననే వీనికి గొలుసు ఉత్తరములని పేరు కలిగినది.

నేడు కార్డు కొనవలసిన పనియు లేదు, కలము పట్టవలసిన శ్రమయు లేదు. మొదట ఈ-మెయిలు, పిమ్మట సెల్‌ఫోను ఆ పనిని సులభము చేసినవి. 1994వ సంవత్సరమున 'గుడ్ టైమ్స్' అను పేరుగల ఉత్తరము వచ్చినచో తెరువవద్దనియు, తెరచినచో కంప్యూటరు పాడగుననియు ఒక హెచ్చరిక ఈ-మెయిలు ద్వారా వ్యాపించెను. అట్టి వైరసు ఏదియు లేదు. మేలు చేయుచున్నామని తలచి జనులు ఒకరికొకరు పంపుకొనిన ఆ హెచ్చరికయే తెగులువలె ప్రాకినది. యంత్రమును గూర్చిన వదంతి కాలమును వ్యర్థము చేయును. ఆరోగ్యమును గూర్చిన వదంతి ప్రాణము మీదికి తెచ్చును. కావున దీనిని గుర్తించుటయు, నిలుపుటయు ప్రతి కుటుంబమువారును నేర్వవలసిన విషయము.

కల్పితవార్త లక్షణములు

ఒక ఉదాహరణము చూడుడు. "ఫలానా శీతలపానీయములో ఒక కార్మికుడు ఎయిడ్సు రోగపు రక్తమును కలిపినాడు. కొన్ని వారములు త్రాగకుడు. మీ ఆత్మీయులందరికి వెంటనే తెలుపుడు" అను వార్త పానీయముల పేర్లు మార్చుకొనుచు అనేక సంవత్సరములుగా తిరుగుచున్నది. అందులో తేదీ ఉండదు. కావున 'కొన్ని వారములు' ఎన్నటికిని ముగియవు. ఊరు ఉండదు. చెప్పిన అధికారి పేరు ఉండదు. బిడ్డలపై మనకుగల ప్రేమను, భయమును మేల్కొలిపి, ఆలోచించుటకు వ్యవధి ఈయక, చివర 'అందరికి పంపుడు' అని ఆజ్ఞాపించును.

ఎయిడ్సునకు కారణమైన హెచ్.ఐ.వి. ఆహారపానీయముల ద్వారా సోకదు. శరీరము వెలుపల అది ఎక్కువకాలము బ్రతుకజాలదు. రక్షణలేని లైంగిక సంబంధము, దోషయుక్తమైన రక్తము, ఒకరు వాడిన సూదిని మరియొకరు వాడుట, వ్యాధిగల తల్లినుండి బిడ్డకు సంక్రమించుట – ఇవి దాని ప్రధాన మార్గములు. ఈ చిన్న విషయము తెలిసిన గృహిణి ఒక్కతె ఉన్నను, ఆ ఇంటిలో ఆ గొలుసు తెగిపోవును.

నోళ్లు పది – సాక్షి ఒక్కరును లేరు

"ఐదుగురు పంపినారు, అబద్ధమెట్లగును?" అని కొందరు అందురు. బ్రాహ్మణుడు భుజముపై మోసికొనిపోవుచున్న మేకను, దారిలో ఒకరి తరువాత ఒకరు ఎదురైన వంచకులు కుక్కయని పలికి విడిపించిన కథ మన పిల్లలకు సైతము తెలియును. అతడు చెప్పినవారిని లెక్కించెనేగాని మేకను మరల చూడలేదు. మన బావయు, పొరుగువారును, పాత సహాధ్యాయియు పంపిన వార్త ఒకే మూలమునుండి వచ్చినదైనచో, అది ఐదుగురి సాక్ష్యము కాదు. ఒకరి మాటకు ఐదు ప్రతిధ్వనులు మాత్రమే. వారిలో ఎవరైనను కన్నులార చూచితిరా అని అడిగినచో, చాలమంది "నాకును ఎవరో పంపినారు" అందురు.

వదంతి చేయు హాని

2020 ఫిబ్రవరిలో కోడిమాంసము తినినచో కరోనా సోకునను వదంతి వ్యాపించి, అమ్మకములు పడిపోయెను. ఆ భయమును పోగొట్టుటకు తెలంగాణ మంత్రులు కొందరు హైదరాబాదులో బహిరంగముగ కోడిమాంసము తిని చూపవలసివచ్చెను.

అదే సంవత్సరము ఏప్రిలులో చిత్తూరు జిల్లాలో కొందరు, ఉమ్మెత్త కరోనాను నివారించునని ఒక వీడియోలో చూచి, దాని గింజలను సేవించి ఆసుపత్రి పాలైరి. వినాయక చవితి పత్రిలో చేరు మొక్కయే అయినను, ఉమ్మెత్త విషము. అందలి అట్రోపీను, స్కోపొలమీను అను ద్రవ్యములవలన నోరెండును, కనుపాపలు పెద్దవగును, గుండె వడిగా కొట్టుకొనును, మతి చలించును. మోతాదు మించినచో మరణము సంభవింపవచ్చును. ఆ వీడియోను పంపినవారు కీడు కోరి పంపియుండకపోవచ్చును. కాని విషమునకు పంపినవారి మనస్సుతో పనిలేదు.

2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు అనేక రాష్ట్రములలో చెలరేగెను. ఆ సంవత్సరము జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున నిరపరాధులైన ఐదుగురు బాటసారులను జనులు కొట్టి చంపిరి. ఆ కాలమున తిరిగిన వీడియోలలో ఒకటి పాకిస్తానులోని కరాచీలో బాలల రక్షణకై తీసిన ప్రబోధచిత్రము. అది ప్రబోధమని తెలుపు చివరి భాగమును ఎవరో తొలగించి, మన దేశమున జరిగినట్లు పంపిరి. చిత్రము కంటికి కనబడుచున్నంత మాత్రమున దానిక్రింది మాట నిజము కాదు.

పంపుటకు ముందు

ఏ వార్తయైనను ఇతరులకు పంపుటకు పూర్వము ఈ ప్రశ్నలు వేసికొనవలెను.

1. ఎవరు చెప్పినారు? పేరు, పదవి, సంస్థ ఉన్నవా? 'ఒక పెద్ద డాక్టరుగారు' అనుట పేరు కాదు.

2. ఎప్పుడు, ఎచ్చట జరిగినది? పాత వార్తయా, వేరొక దేశపు చిత్రమా?

3. మరియొకచోట ఉన్నదా? నిజముగ ప్రమాదమున్నచో వార్తాపత్రికలును, ఆకాశవాణియు, ఆరోగ్యశాఖయు తెలుపును.

4. తెలిసినవారిని అడిగితినా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి, ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త మీకు అందుబాటులో నున్నవారే. కేంద్ర ప్రభుత్వమునకు సంబంధించిన వార్తల నిజానిజములను తెలుపుటకు పత్రికా సమాచార కార్యాలయము 2019లో ఒక నిజనిర్ధారణ విభాగమును నెలకొల్పినది.

5. వాట్సాపులో వార్తపై రెండు బాణముల గుర్తు ఉన్నదా? ఉన్నచో అది అనేకుల చేతులు మారి వచ్చినదని అర్థము. అది నిజమునకు ముద్ర కాదు, జాగ్రత్తకు సూచన.

వీనిలో దేనికైనను సమాధానము దొరకనిచో పంపరాదు. ఒక దినము ఆలస్యమైనను సత్యము చెడిపోదు. ఏ మందునైనను, మూలికనైనను, పథ్యమునైనను వైద్యుని అడుగక ఆరంభింపరాదు. వాడుచున్న మందును మానరాదు. విపత్తును గూర్చి కలవరము పుట్టునట్లు అసత్యపు హెచ్చరికను వ్యాపింపజేయుట 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము 54వ సెక్షను ప్రకారము శిక్షార్హమని కూడ ఎరుగవలెను.

తప్పును దిద్దు విధము

పొరపాటున అసత్యమును పంపియున్నచో సిగ్గుపడి ఊరకుండరాదు. ఎవరెవరికి పంపితిమో వారికే "నిన్న నేను పంపినది నిజము కాదు" అని తెలుపవలెను. ఇంటిలోని పెద్దలు పంపినచో పదిమందిలో వారిని తప్పుపట్టక, "మామయ్యా, ఈ మాట ఎవరు చెప్పినారో ఒకసారి ఏ.ఎన్.ఎం. గారిని అడిగి చూతమా?" అని విడిగా మాటలాడవలెను. పరిహాసము వదంతిని చంపదు. దాచిపెట్టించును.

ఇందుకు పోలియో కథయే నిదర్శనము. 2002లో మన దేశమున 1,600 పోలియో కేసులు నమోదయ్యెను. వానిలో అధికభాగము ఉత్తరప్రదేశమునందే. చుక్కలు వేయించినచో పిల్లలకు మున్ముందు సంతానము కలుగదను వదంతిని నమ్మి, అచ్చట కొందరు తలిదండ్రులు తలుపులు మూసికొనిరి. ఆ ఊళ్ల స్త్రీలు, మతపెద్దలు, ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, అడిగిన ప్రశ్నకే మరల మరల ఓర్పుతో సమాధానము చెప్పిరి. తలుపులు తెరచుకొనెను. 2011 జనవరి 13 తరువాత మన దేశమున సహజ పోలియో వైరసు వలన ఒక్క బిడ్డయు వ్యాధిగ్రస్తము కాలేదు. 2014 మార్చి 27న భారతదేశము పోలియోరహితమని ధ్రువీకరింపబడెను.

వదంతిని పుట్టించువాడు ఒక్కడే కావచ్చును. దానిని పెంచువారము మనమే. కావున నిలుపగలవారమును మనమే. వార్త మీ చేతికి వచ్చినప్పుడు, దానిని నమ్మి ఒక తల్లి తన బిడ్డకు ఏమి త్రాగించునో తలచుకొనుడు. విచారించుడు. నిజమని తేలిన పిమ్మటనే పంపుడు.