నరుటో తర్వాత ఏది?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఇంటర్ చదివే మావాడు నరుటో తప్ప వేరే మాంగా ముట్టడు. ఇంకేం ఇవ్వమంటారు?

జవాబు: 'సిల్వర్ స్పూన్' ఇవ్వండి. 15 సంపుటాలు, 2011 నుంచి 2019 దాకా వచ్చింది, ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. గీసిన హిరోము అరకావా హొక్కైడో పాడిరైతుల బిడ్డ. మార్కుల ఒత్తిడి తట్టుకోలేక వ్యవసాయ బడిలో చేరిన పట్నం పిల్లాడు హచికెన్ కథ ఇది. పేరు పెట్టి సాకిన పందిపిల్ల మాంసాన్ని తనే కొనుక్కునే చోట నాకు పేజీ తిప్పబుద్ధి కాలేదు. అయినా నా మనసు కొమాబా మీదే. బేస్‌బాల్‌లో ఎదగాల్సిన పిల్లాడు, ఇంటి పాడి అప్పుల్లో మునిగితే చదువు మానేస్తాడు. వాన మొహం చాటేసి చెనిక్కాయ చేను ఎండిన ఏడు, ఇంట్లో మాటలు తగ్గిపోవడం మీవాడు చూసే ఉంటాడు. కొమాబా వాడికి ఇట్టే అర్థమవుతాడు.